వజ్రమ్మ ముక్కు, అంగారకుడి గాలి

అమ్రోలి, సూరత్
12 జూన్ 2020

కోమలీ,

నేను బాగానే ఉన్నాను, మీ మామ కూడా బాగానే ఉన్నాడు. ఆ ముక్క ముందే రాసేశాను కాబట్టి మిగతాది నింపాదిగా చదువు. వారం రోజులుగా నా ఫోను మోగడం లేదని కంగారు పడి ఉంటావు. అది పచ్చిపులుసులో పడింది. డాక్టర్ భానుప్రకాశ్ ఆర్డరు చెబుతుంటే చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉల్లిపాయలు పిసుకుతున్నాను, జారి గిన్నెలో మునిగింది. తీసి బియ్యం డబ్బాలో పెడితే ఫోను బాగుపడలేదు గాని బియ్యానికంతా చింతపండు వాసన పట్టింది. రిపేరు చేసేవాడి వీధికి వెదురు కట్టెలు అడ్డం కట్టారు. మీ మామ ఫోను ఆర్డర్లకే సరిపోవడం లేదు. అందుకే ఉత్తరం. ఇందులో అయితే నువ్వు నా మాటకి మధ్యలో అడ్డం రావు కూడా.

పని ఎక్కువైంది. భానుప్రకాశ్ చూసే క్వారంటైన్ వార్డులో పాతికమంది తెలుగువాళ్లున్నారు, చాలామంది హజీరా ఫ్యాక్టరీల ఇంజనీర్లు. అక్కడ పెట్టే పప్పులో బెల్లం ఉంటుందని పెద్ద పెద్ద మేనేజర్లు చిన్నపిల్లల్లా మూతి ముడుస్తున్నారట. రెండు పూటలా మన ‘వజ్రమ్మ వంటిల్లు’ నుంచే వెళ్తోంది. నా పద్ధతి నీకు తెలుసు. ఇరవై రెండేళ్లలో ఒక్క గరిటె ముందుగా నోట్లో పెట్టుకోలేదు. పదిమందికి పెట్టేది ఎంగిలి చేయకూడదని మా అమ్మ చెప్పింది. ఉడుకుతున్న పప్పు ఆవిరి ముక్కుకి తగిలితే చాలు, ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తాను. పొద్దున గోంగూర మగ్గుతుంటే ఆ పుల్లటి వాసనకి మూడో అంతస్తు గుజరాతీ పిల్లలు కూడా గిన్నెలు పట్టుకుని దిగారు. మెంతులు వేగిన వాసన ఇంకా నా చీర కొంగుకి ఉంది.

జోల్వా మిల్లులో మగ్గాలు ఆగిపోయి మీ మామ ఇంట్లోనే ఉంటున్నాడు. ముప్ఫై ఏళ్లు ఆ మోతలో నిలబడ్డ మనిషి, ఇంటికొచ్చి మాట ఖర్చు పెట్టడు. ఏం పెట్టినా తింటాడు. బాగుందనడు, బాలేదనడు. కంచం కడిగి బోర్లిస్తాడు.

సొసైటీ సెక్రటరీ హస్ముఖ్‌భాయ్ నువ్వేం చదువుతున్నావని అడిగాడు. “గ్యాస్” అన్నాను, నాకు తెలిసింది అంతే. మన బిల్డింగు పైపులో గ్యాసు సన్నగా వస్తోంది, వచ్చి చూస్తుందా అన్నాడు. నువ్వేం చేస్తావో నాకు అర్థమయ్యేట్టు ఒకసారి రాయి, తలెత్తుకుని చెప్పుకుంటాను.

ఇట్లు రాసేవాళ్లు రాసుకోనీ, నేను అట్లు వేస్తూ రాస్తున్నాను,
నీ అత్తమ్మ వజ్రమ్మ


తిరువనంతపురం
24 జూన్ 2020

అత్తమ్మా,

నీ ఉత్తరంలో రెండు నూనె మరకలు, ఒక మెంతి గింజ ఉన్నాయి. హాస్టల్లో ఏడుగురమే మిగిలాం. ఏడుగురం వరసలో నిలబడి, మధ్య ఆరడుగుల దూరం పాటిస్తూ, ఒకరి తర్వాత ఒకరం ఆ కవరు వాసన చూశాం. ఒక మలయాళీ అమ్మాయి రెండోసారి వరసలోకి వచ్చింది.

హస్ముఖ్‌భాయ్‌కి చెప్పు, నేను చూసేది అంగారకుడి గ్యాసు. ఆ గ్రహం చుట్టూ ఒక ఉపగ్రహం తిరుగుతోంది. దానికి రోజుకి డజనుసార్లు పొద్దు పొడుస్తుంది, డజనుసార్లు పొద్దు గుంకుతుంది. పొద్దు గుంకే వేళ సూర్యుడి వెలుగు అంగారకుడి గాలిలోంచి దూరి ఉపగ్రహం దాకా వస్తుంది కదా, అందులో ఉన్న స్పెక్ట్రోమీటర్ అనే పరికరం ఆ వెలుగుని సన్నటి సన్నటి రంగులుగా విడదీస్తుంది. మన కంటికి కనిపించని రంగులు కూడా. గాలిలో ఏ వాయువు ఉంటే అది తనకి కావలసిన రంగుల్ని మింగేస్తుంది. మింగిన చోట నల్లటి గీత పడుతుంది. ఏ గీతలు పడ్డాయో చూసి ఏ వాయువు ఉందో చెబుతాం. వంద కోట్ల అణువుల్లో ఒక్కటి ఉన్నా పట్టుకోవచ్చు.

నేను వెతికేది మీథేన్. పేడలోంచి, మురుగులోంచి వచ్చేదే. అది అక్కడ ఉందంటే కింద ఏదో బతికి ఉందేమో, లేక రాళ్లలోంచి ఊరుతోందేమో. మా ఉషాదేవి మేడమ్ దగ్గర నా చదువంతా ఆ గీతల మీదే ఉంది. మామయ్యకి నమస్కారం చెప్పు. ఆయన తలూపితే నాకు రాయి.

పదో తరగతి దాకా నీ వంటింట్లో చదువుకుని, ఇప్పుడు మెస్సులో కొబ్బరి తింటున్న
కోమలి


అమ్రోలి
8 జూలై 2020

కోమలీ బిడ్డా,

ఇంత చిన్న విషయానికి అంత పెద్ద చదువా! నేను ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది అదే.

కరోనాకి ముందు స్టీలు డబ్బాలు పంపేదాన్ని, గుర్తుందా? సాయంత్రానికి ఖాళీ డబ్బాలన్నీ కలిసిపోయి వచ్చేవి, పేర్లు చెరిగిపోయేవి. మూత తీసి ఏది మాయమైందో చూస్తే చాలు. పెరుగు ముట్టకుండా తొక్కు గీకి గీకి తిన్నది రైల్వే విశ్వనాథం గారు. చారు తాగేసి కూర వదిలేసింది బ్యాంకు పద్మిని. నిండు డబ్బా నీ సూర్యుడు, తిరిగొచ్చిన డబ్బా నీ అంగారకుడు, విశ్వనాథం గారు నీ మీథేను. సరేనా? ఇప్పుడన్నీ అట్టడబ్బాలు, తిరిగి రావు. ఎవరేం తిన్నారో తెలియక నాకు చెయ్యి విరిగినట్టుంది.

ఈ సంగతి చెట్ల దగ్గర ఆకులు ఏరుతున్న హస్ముఖ్‌భాయ్‌కి మాస్కు దించకుండా వివరంగా చెప్పాను. పైనుంచి ఒక యంత్రం చూస్తుందనీ, గాలిలో వంద కోట్లలో ఒక్కటి ఉన్నా పట్టుకుంటుందనీ. ఆయన మొహం మారిపోయింది. రోజూ గేటు పక్కన చెత్త తగలబెట్టేవాడు, మానేశాడు. రెండో అంతస్తు వాళ్లు ముల్లంగి కొనడం మానేశారు. నిన్న కమిటీ కూర్చుని నీకు ఒక లెటరు రాసింది, స్టాంపు కూడా వేశారు, దీంతోపాటు పెడుతున్నాను. పైనుంచి మన సొసైటీ మీద ఒకసారి నీ యంత్రం తిప్పి, గాలిలో కరోనా లేదని సర్టిఫికెట్ ఇవ్వాలట. “బేన్, బస్ ఏక్ సర్టిఫికెట్” అని నాకు రోజుకి మూడుసార్లు దండం పెడుతున్నాడు. ఇచ్చెయ్యరాదూ.

ఇవాళ వర్షం పడింది. తడిసిన సిమెంటు వాసన, పక్కింట్లో శనగపిండి వేగే వాసన, నా పొయ్యి మీద ధనియాల వాసన మూడూ కలిసి అరగంట సేపు కిటికీ దగ్గర నన్ను కదలనివ్వలేదు.

మీ మామ తలూపాడు. ఒకసారి.

ముక్కున్న మనిషి,
అత్తమ్మ


తిరువనంతపురం
20 జూలై 2020

అత్తమ్మా,

నీ డబ్బాల సంగతి ఉషాదేవి మేడమ్‌కి చదివి వినిపించాను. ఆవిడ తన క్లాసులో వాడుకుంటానంది. విశ్వనాథం గారికి అభ్యంతరం లేదనుకుంటాను.

కమిటీ వారికి వేరుగా జవాబు రాశాను. ఉపగ్రహం అంగారకుడి చుట్టూ తిరుగుతుంది, అమ్రోలి చుట్టూ తిరగదు. అది చూసేది వాయువుల్ని, కరోనా వాయువు కాదు. ముల్లంగి నిర్భయంగా తినమని చెప్పు. చెత్త విషయం మాత్రం ఏమీ చెప్పకు, తగలబెట్టకపోవడమే మంచిది.

నీకొక్కదానికే చెబుతున్నాను. నాకు ఒక గీత దొరికింది! మీథేన్ ఉండాల్సిన చోటే, సన్నగా, ఒక్కటి. మూడు రోజులుగా కాళ్లు నేల మీద లేవు. మేడమ్ మాత్రం ఒక్క గీతని నమ్మకూడదంటుంది. ఒక వాయువు ఉంటే అది మింగే రంగులన్నిట్లోనూ లోటు కనిపించాలి, ఒక్కచోటే కనిపిస్తే వేరే ఎవరైనా మింగి ఉండొచ్చు అంటుంది. ఆవిడ సంతోషాన్ని కూడా మూడుసార్లు సరిచూసుకుంటుంది.

కొత్త ఫోను కొనుక్కో. నీ గొంతు వినాలని ఉంది.

నీ కోమలి


అమ్రోలి
19 ఆగస్టు 2020

కోమలీ,

నెల రోజులు రాయలేదని కోపం వద్దు. మధ్యలో పదిహేడు రోజులు గ్యాసు అయిపోయి వంటిల్లు మూసేశాను. బోర్డు కూడా పెట్టాను. కొంచెం జలుబు చేసింది, తగ్గింది. ఇప్పుడు మళ్లీ రెండు పూటలా వంట నడుస్తోంది. కొత్త ఫోను కొన్నాను గాని దాంట్లో మాట సరిగ్గా వినబడదు, ఉత్తరమే హాయి.

పప్పు పచ్చగా కుదురుతోంది. చారు ఎర్రగా ఉంటోంది. ఈసారి మార్కెట్లో వంకాయలు నున్నగా మెరుస్తున్నాయి.

వార్డులో వాళ్లు నా వంటని ఇంతకుముందు కంటే ఎక్కువ మెచ్చుకుంటున్నారు. కొత్తగా చేరిన ఇంజనీరు ఒకాయన ఫోను చేసి, ఇన్ని రోజుల్లో నోటికి కొంచెమైనా తగిలింది మీ తొక్కు ఒక్కటే అమ్మా అన్నాడు. ఒక్కరు కూడా వంక పెట్టలేదు.

ఒక్కటే దిగులు. మీ మామకి దాహం పట్టుకుంది. అన్నం తిని లేచాడంటే చెంబు మీద చెంబు. బిందె మధ్యాహ్నానికే ఖాళీ. ఏమైంది అంటే ఏం లేదని చెయ్యి ఊపుతాడు. ఇది షుగరు వ్యాధేనేమోనని నాకు భయంగా ఉంది. నువ్వు సైన్సు చదివినదానివి, ఏం చేయాలో చెప్పు.

అత్తమ్మ


తిరువనంతపురం
29 ఆగస్టు 2020

అత్తమ్మా,

ఉత్తరం చదివి వెంటనే రాస్తున్నాను. దాహం, ఇంకా ఏమైనా ఉన్నాయా? నీరసం, బరువు తగ్గడం? మామయ్యకి వెంటనే రక్తపరీక్ష చేయించు, పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి. తీపి ఆపెయ్యి. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టు. పొద్దున కాకరకాయ రసం ఇమ్మని మా హాస్టల్ వార్డెన్ చెబుతోంది. ఆయన మాట్లాడడు కాబట్టి నువ్వే కనిపెట్టి ఉండాలి.

నా గీత అక్కడే ఉంది. దాని పక్కన రావలసిన మిగతా గీతలు రావడం లేదు. వెతికి వెతికి కళ్లు లాగుతున్నాయి. మేడమ్ టీ పోసి ఇస్తుంది. అది ఇంకా భయంగా ఉంది.

మామయ్య రిపోర్టు రాగానే రాయి. ఫోను చేస్తే ఎత్తవేం?

కోమలి


అమ్రోలి
11 సెప్టెంబర్ 2020

కోమలీ,

రక్తం రెండుసార్లు తీశారు. షుగరు లేదు. ఈ వయసులో ఇంత బాగున్న రిపోర్టు చూడలేదని ల్యాబు వాడు దాన్ని పైకెత్తి మరీ చూశాడు. కాకరకాయ రసం మాత్రం ఐదు రోజులు తాగించాను. తాగాడు, గ్లాసు కడిగి బోర్లించాడు. దాహం అలాగే ఉంది.

నా మనసు బాలేదు. మనుషుల్లో విశ్వాసం లేదు బిడ్డా. జ్వరంతో పడి ఉన్నప్పుడు ఆహా ఓహో అన్నవాళ్లే, కాస్త లేచి కూర్చోగానే నన్ను తిడుతున్నారు. ఆ తొక్కు మెచ్చిన ఇంజనీరే, సరిగ్గా తొమ్మిదో రోజు ఫోను చేసి, “అమ్మా, ఈ పప్పు నోట్లో పెట్టలేకపోతున్నాం” అన్నాడు. నేనేం మార్చాను? అదే చెయ్యి, అదే గిన్నె. మర్నాడు ఇంకో ఇద్దరు అన్నారు. వాళ్ల పక్క మంచాల మీద కొత్తగా చేరినవాళ్లు మాత్రం బ్రహ్మాండం అంటున్నారు.

ఇంకో విడ్డూరం విను. ఇది చెప్పుకుని ఏడుద్దామని భానుప్రకాశ్‌కి ఫోను చేస్తే ఆయన పకపకా నవ్వాడు. “ఆంటీ, ఎవరెవరు తిట్టారో నాకు రోజూ పేర్లు చెప్పండి. తిట్టినవాళ్లు తేరుకుంటున్నారని నాకు తెలిసిపోతుంది” అన్నాడు. ఆ నవ్వేమిటో, ఆ లెక్కేమిటో నాకు అర్థం కాలేదు. ఉప్పు మాత్రం తగ్గించాలి, బీపీ వాళ్లున్నారు అన్నాడు. ఉప్పు సంగతి నాకు చెబుతాడా! నేను పొయ్యి ముందు నిలబడ్డప్పటికి ఆయన పలక పట్టి ఉండడు.

ఇక ఈ పని మానేద్దామా అనిపిస్తోంది. అనిపిస్తోందంతే.

అత్తమ్మ


తిరువనంతపురం
22 సెప్టెంబర్ 2020

అత్తమ్మా,

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మా పరికరం పొద్దు గుంకే ముందు ఒక పని చేస్తుంది. అంగారకుడి గాలి అడ్డం రాకముందే పైన ఒకసారి సూర్యుడిని నిండుగా చూసి పెట్టుకుంటుంది. తర్వాత గాలిలోంచి వచ్చిన వెలుగుని దాని పక్కన పెడుతుంది. అప్పుడే ఏది లోటో తెలుస్తుంది. ఇవాళ నీ ఉత్తరాలన్నీ మంచం మీద వరసగా పరిచి అదే చేశాను.

జూన్‌లో, జూలైలో రాసిన రెండిట్లో వాసనలు లెక్కపెట్టాను. చింతపండు, గోంగూర, మెంతులు, తడి సిమెంటు, శనగపిండి, ధనియాలు. ఆగస్టులో పప్పు పచ్చగా ఉంది, చారు ఎర్రగా ఉంది, వంకాయలు మెరుస్తున్నాయి. వాసన ఒక్కటీ లేదు. సెప్టెంబర్లో కూడా లేదు. అది ఒక గీత.

ఒక్క గీతని నమ్మను. నాకు బుద్ధొచ్చింది. పదిహేడు రోజులు గ్యాసు అయిపోయిందన్నావు. మన బిల్డింగుకి పైపు గ్యాసు ఉంది, సన్నగా వస్తుందని హస్ముఖ్‌భాయ్ బాధ! సన్నగా రావచ్చు గాని అయిపోవడానికి అదేమన్నా సిలిండరా? రెండో గీత. షుగరు లేని మామయ్య తినగానే బిందె ఖాళీ చేస్తున్నాడు. మూడు. వాసన, రుచి పోయిన రోగులు నిన్ను మెచ్చుకుంటున్నారు, అవి తిరిగొచ్చిన రోజునే తిడుతున్నారు. నాలుగు. వాళ్లు విశ్వాసం లేనివాళ్లు కారు అత్తమ్మా, వాళ్లకి నయమైంది. డాక్టరు నవ్వింది అందుకే.

నాలుగూ ఒక్కదాన్నే చూపిస్తున్నాయి. నీకు కరోనా వచ్చింది. నీకు వాసన తెలియడం లేదు. ఆ దూరపు గ్రహం గాలిలో ఏముందో చెబుతానని తిరిగేదాన్ని, నీ దగ్గర ఏం పోయిందో తెలుసుకోవడానికి రెండు నెలలు పట్టింది. నీకు కాకుండా మామయ్యకి కాకరకాయ రసం తాగించాను. నామీద నాకే సిగ్గుగా ఉంది.

నిజం రాయి.

నీ కోమలి


అమ్రోలి
1 అక్టోబర్ 2020

శ్రీమతి సైంటిస్టు కోమలి గారికి,

నేను నీకు ఉత్తరాలు రాసింది చదువుకోవడానికి, మంచం మీద పరిచి కోసి చూడటానికి కాదు. నా ముక్కు నా మొహానికి ఉంది, బాగానే ఉంది. నువ్వు నీ అంగారకుడి సంగతి చూసుకో.

వజ్రమ్మ

పొద్దున ఇది రాసి కవరు అంటించలేకపోయాను. ఇంకో కాయితం పెడుతున్నాను.

అవును. జూలై ఆఖర్లో వచ్చింది. మీ మామకి రాలేదు. పదిహేడు రోజులు పొయ్యి వెలిగించలేదు, పరీక్షలో లేదని తేలాకే గిన్నె ముట్టుకున్నాను, ఆ విషయంలో నామీద అనుమానం పెట్టుకోకు. జ్వరం పోయింది, దగ్గు పోయింది. వాసన కూడా పోయింది, అది మాత్రం తిరిగి రాలేదు. వేడి నూనెలో ఇంగువ వేస్తే బుడగలు కనిపిస్తాయి, అంతే. అన్నం తింటే దూది నమిలినట్టుంటుంది.

ఉప్పు నాకు చేతి కొలతతో రాదు బిడ్డా. ముక్కు సరేననేదాకా వేస్తాను, అన్నాక ఆపుతాను. ఇప్పుడది సరేననదు. ఇంకో చిటికెడు వేస్తాను. అయినా అనదు. అదీ జరిగింది. జబ్బు మనుషులకి అలాంటిది పెట్టానంటే నాకు తల ఎత్తుకోబుద్ధి కావడం లేదు.

రుచి చూద్దామన్నా నా నాలుకకి తెలియదు. ఎవరికైనా చెబితే వజ్రమ్మకి వాసన పోయిందట అని ఊరంతా పాకుతుంది. వాసన తెలియనిదాని చేతి వంట ఎవరు తింటారు? ఈ ఊళ్లో నన్ను ఎవరు పిలిచినా వంట పేరు పెట్టే పిలుస్తారు. ఈ పొయ్యి ఆరితే నేను ఎవరిని? అందుకే దాచాను. నీకు ఫోను చేయనిది కూడా అందుకే, గొంతు వింటే పట్టేస్తావని. ఎలాగూ పట్టేశావు.

అత్తమ్మ


తిరువనంతపురం
10 అక్టోబర్ 2020

మా అత్తమ్మకి,

నీ రెండో కాయితం చదివి ఏడ్చాను, మొదటి కాయితం చదివి నవ్వాను. మొదటిదాన్ని గోడకి అంటించాను.

ముందు నా సంగతి. నా గీత మీథేన్ కాదు. పక్కనే తిరిగే ఓజోన్ అక్కడ మింగింది. అంటే విశ్వనాథం గారి తొక్కు వేరే ఎవరో తిన్నారన్నమాట. అందరికీ చెప్పేద్దామా, ఊరుకుందామా అని వారం ఆలోచించాను. చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. “లేదని తేల్చడం కూడా తేల్చడమే, అది రాయి” అని మేడమ్ అంది. నా థీసిస్ ఇప్పుడు దాని మీదే.

ఇక నీది. పరికరం పాడైతే ఉపగ్రహాన్ని పారేయరు. దాని మీద ఇంకో పరికరం ఉంటే దాన్ని వాడతారు. నీ ఇంట్లో ఇంకోటి ఉంది. ముప్ఫై ఏళ్లుగా నీ వంట తప్ప ఇంకొకటి ఎరగని నాలుక. ఎంత ఉప్పు పడితే ఎన్ని చెంబులు తాగాలో కూడా దానికి తెలుసు. దానికి ఒకటే లోపం, రీడింగు బయటికి రాదు. రప్పించు.

ఎంగిలి అంటావని తెలుసు. గరిటెతో తీసి వేరే గిన్నెలో పోసి ఇయ్యి, ఆ గిన్నె వేరు, ఆ చెంచా వేరు. మీ అమ్మ కూడా ఒప్పుకునేది. ఒప్పుకోకపోతే నామీద చెప్పు.

నీ కోమలి


అమ్రోలి
4 నవంబర్ 2020

కోమలీ,

నువ్వు చెప్పిన పని చేయడానికి నాకు ధైర్యం రావడానికే పది రోజులు పట్టింది. ఆఖరికి పప్పుచారు చిన్న గిన్నెలో పోసి మీ మామ ముందు పెట్టి, ఉప్పు ఎట్లుందో చెప్పమన్నాను. అలవాటు ప్రకారం తాగాడు, గిన్నె కడగడానికి లేచాడు. నేను దారికి అడ్డం నిలబడ్డాను.

“ఏంది గట్ల జూస్తున్నవ్?” అన్నాడు.

“ఉప్పెట్లుందో చెప్పంది నిన్ను కదలనియ్య” అన్నాను.

గిన్నెలోకి ఒకసారి చూశాడు. “జర ఎక్కువైంది” అన్నాడు.

ముప్ఫై ఏళ్లలో నా వంట మీద ఆయన అన్న మొదటి మాట అది బిడ్డా. నాకు పట్టరాని కోపం వచ్చింది! ఎక్కువైతే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని గట్టిగా అరిచాను. పైనుంచి హస్ముఖ్‌భాయ్ భార్య తొంగి చూసింది. మీ మామ నిదానంగా గిన్నె కింద పెట్టాడు.

“నీకు వాసన వస్తలేదని నాకు ఎరికే. చెప్తే నువ్వు పొయ్యి ఆర్పేస్తవ్. పొయ్యి లేకుంట నువ్వు ఉండలేవు. నీళ్లే కదా, తాగితే అయిపాయె అనుకున్న.”

అంత పొడుగు మాట ఆ మనిషి నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. కూలబడి ఏడ్చాను. ఆయనకేం చేయాలో తెలియక నాకు కూడా ఒక చెంబు నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మర్నాటి నుంచి ప్రతి గిన్నె ఆయన చూశాకే మూత పడుతోంది. భానుప్రకాశ్‌కి కూడా అంతా చెప్పేశాను. వంట మానేయమంటాడని భయపడుతూనే చెప్పాను. “ఆంటీ, మీరు మానేస్తే మళ్లీ బెల్లం పప్పే, వార్డులో గొడవలవుతాయి” అన్నాడు. ఇప్పుడు తేరుకున్నవాళ్లు కూడా మెచ్చుకుంటున్నారు. ఎవరికి నయమైందో తెలియడం లేదని డాక్టరుకి మాత్రం కొంచెం బెంగగా ఉందట.

పొయ్యి వెలుగుతోంది.

నీ అత్తమ్మ


తిరువనంతపురం
16 నవంబర్ 2020

అత్తమ్మా,

నీ ఉత్తరం హాస్టల్లో మిగతా ఆరుగురికీ చదివి వినిపించాను. మామయ్య మాట దగ్గర మలయాళీ అమ్మాయి అర్థం చెప్పమంది. చెప్పాక లేచి బయటికి వెళ్లిపోయింది, కళ్లు తుడుచుకోవడానికి.

వాసన ఎప్పటికైనా వస్తుంది, చాలామందికి మెల్లమెల్లగా వస్తోందని చదివాను. రోజూ లవంగం, నిమ్మతొక్క, కాఫీపొడి ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని ధ్యాసగా పీలుస్తూ ఉండు. వచ్చిన రోజు నాకే ముందు చెప్పాలి. మామయ్య ఏమేం మాట్లాడుతున్నాడో అడిగానని చెప్పు.

నీ కోమలి


అమ్రోలి
3 ఫిబ్రవరి 2021

కోమలీ బంగారం,

ఇది చదివి చింపెయ్యి. మంచం మీద పరిచే ఉత్తరం కాదు.

జోల్వాలో మగ్గాలు మళ్లీ తిరుగుతున్నాయి. మీ మామ పొద్దున బయలుదేరే ముందు అన్ని గిన్నెలూ రుచి చూసి వెళ్తాడు. ఆయనకి ఇప్పుడు మాటలొచ్చాయి. మొదట్లో ఎక్కువ, తక్కువ, సరే, అంతే. తర్వాత పోపు మాడిందనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు చారు ముందు పావుగంట నిలబడతాడు. “మా అమ్మ గిట్లనే ధనియాలు పచ్చిగ దంచి ఏసేది” అని నిన్న వాళ్లమ్మ సంగతి మొదలుపెట్టాడు. పెళ్లయి ముప్ఫై ఏళ్లయింది, మా అత్త ధనియాలు ఎలా దంచేదో నాకు నిన్న తెలిసింది. మొన్న కూర గురించి చెబుతూ చెబుతూ, తనకి పన్నెండేళ్లప్పుడు మొదటిసారి మగ్గం ముందు నిలబడితే భయమేసిందని చెప్పాడు. రైలెక్కి ఈ ఊరికి వచ్చిన రోజు సంగతి చెప్పాడు. ఇవన్నీ ఎక్కడ పెట్టుకున్నాడో ఇన్నాళ్లు. గరిటె చేతిలో పెడితే గాని బయటికి రావు.

పోయిన నెల సంక్రాంతి అయిన వారానికి, సాయంత్రం ఆయన వచ్చి చొక్కా విప్పి తలుపుకి తగిలించాడు. నేను పక్కనుంచి వెళ్తున్నాను. మగ్గం నూనె వాసన. ఆగిపోయాను. ఆ చొక్కా పట్టుకుని మొహానికి అదుముకున్నాను. ముప్ఫై ఏళ్లు, ఆ కంపు చొక్కా ఇంట్లోకి తేవద్దని పోరినదాన్ని నేనే. మర్నాడు అల్లం తెలిసింది, ఆ మర్నాడు ఇంగువ. ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి బిడ్డా, ఆవిరి తగిలితే చాలు, ఉప్పు చెప్పేస్తాను, అచ్చం ఇంతకు ముందులాగే.

నీకే ముందు చెబుతున్నాను. నీకొక్కదానికే చెబుతున్నాను. డాక్టరుకి కూడా చెప్పలేదు. నా మీద ఒట్టు, మీ మామకి చెప్పకు. ముక్కు వచ్చిందని తెలిస్తే ఇక తనతో పని లేదనుకుని మళ్లీ గిన్నె కడిగి బోర్లిస్తాడు.

ఇవాళ పప్పులో కావాలనే ఒక చిటికెడు ఉప్పు తక్కువ వేసి పిలిచాను. వచ్చి గరిటె అందుకున్నాడు. కుర్చీ కూడా లాక్కున్నాడు.

నీ అత్తమ్మ వజ్రమ్మ